సిరా పెట్టిన వేలు

ఫిబ్రవరి 17, సోమవారం

పోలీసులు వినయ్‌ని మిర్యాలగూడకు పిలిపించారు. పొద్దున పోయినవాడు చీకటి పడ్డాక బయటికొచ్చాడు. ఫోను వాళ్ల దగ్గరే పెట్టుకున్నారట. రూమ్మేటు ఫోను నుంచి మాట్లాడాడు. గొంతు మామూలుగానే ఉంది, కాకపోతే అలా ఉంచడానికి వాడు పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. నా చంకలో పెరిగిన తమ్ముడు, నాకు తెలియదా?

వాడపల్లి దగ్గర వాడు పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీలు జనవరి నుంచి గేటు ముందు కూర్చున్నారు. మొన్న శుక్రవారం తెల్లవారకముందే కొత్త కూలీలను తీసుకొచ్చిన బస్సు అద్దాలు ఎవరో పగలగొట్టారు. డ్రైవరు తలకు కుట్లు పడ్డాయి. వినయ్ ఆ టైముకు రూములో పడుకొని ఉన్నాడు. పడుకున్నవాడివి ఆ చీకట్లో ఎవరికి ఫోన్ చేసినవ్ అని సీఐ అడిగాడట. ఎవ్వరికీ చెయ్యలేదని వీడు చెప్పాడు. అబద్ధమని వాళ్లు. దినమంతా ఇదే.

"నిజంగనే ఎవ్వలికి చెయ్యలేదక్క," అన్నాడు నాతో కూడా. నేను నమ్మాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

బడిలో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. పిల్లలు నా మొహం చూస్తున్నారు. తలనొప్పి అని చెప్పి కూర్చున్నాను.

నాకు భయం కన్నా మంట ఎక్కువగా ఉంది. ఓట్లప్పుడు మా ఎమ్మెల్యే ఇక్కడ కోదాడలో, మా కాలనీలో మైకు పట్టుకొని ఏమన్నాడు? అక్కలారా, మీరు మీ తల్లితో మాట్లాడినా వినే సర్కారు ఇది, దీన్ని ఇంటికి పంపండి, మేమొస్తే ఎవరి ఫోను ఎవరు, ఎందుకు విన్నారో లెక్క అడిగే చట్టం తెస్తాం అన్నాడు. చప్పట్లు మొదలుపెట్టింది నేనే. మహిళా సంఘం లీడరుగా ఇంటింటికీ తిరిగి ఓట్లు వేయించింది నేనే. గెలిచాడు. మంత్రుల పక్కన ఫోటోలు దిగుతున్నాడు. ఆ చట్టం సంగతి ఇంతవరకు నోరెత్తలేదు మహానుభావుడు.

సమ్మె మొదలైన రోజు గేటు దగ్గరికి వస్తానని చెప్పి ఎమ్మెల్యే రాకపోతే, నేనే వినయ్‌కి ఫోన్ చేసి ఆయన్ని తిట్టాను. ఇతనికి ఓటేసి సిరా పెట్టించుకున్న వేలు నరుక్కోబుద్ధవుతోందిరా అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, మా ఆయన జోసెఫ్ బస్సు డ్యూటీలో ఉన్నాడు. అలా గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ నాకే ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ నుంచి. ఎవరో కానిస్టేబులు, మర్యాదగానే మాట్లాడాడు. ఒక నంబరు చదివి, మేడం, ఈ సిమ్ మీ పేరు మీద ఉన్నది, ఇది వాడేది ఎవరు అన్నాడు. నాకు ఉన్నది ఒక్కటే నంబరు. నాది కాదన్నాను. మీ ఆధార్ మీదనే ఉన్నది మేడం అన్నాడు. నాది కాదని చెప్పాను కదా అని కొంచెం గట్టిగానే అన్నాను. సరే, రాసుకుంటున్న అన్నాడు.

గట్టిగా అన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎవరో దొంగ నా ఆధార్ పెట్టి సిమ్ తీసుకొని ఉంటాడు. పేపర్లో రోజూ చూస్తూనే ఉన్నాం కదా.

జోసెఫ్‌కి చెప్పాను. "తప్పు చేసినోళ్లు భయపడాలి రాణీ, మనకెందుకు?" అని బట్టలు మార్చుకొని పడుకున్నాడు. గురక కూడా పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 21

నాది కాదు కాబట్టే కాదన్నాను. అందులో తప్పేముంది.

ఫిబ్రవరి 22, శనివారం

తప్పే అయింది.

వినయ్‌ని మళ్లీ పిలిచారు. ఆ చీకట్లో నువ్వు ఫోన్ చేసింది మీ అక్క పేరు మీదున్న నంబరుకే, ఆమె నాది కాదంటోంది, నువ్వు చెయ్యనే లేదంటున్నవ్, ఇద్దర్లో దొంగ ఎవరు అని అడిగారట. నంబరు మాత్రం చూపించలేదట. వాడు నా మీద కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది.

గేటు దగ్గర నాలుగు మాటలు మాట్లాడిన ప్రతి మనిషి పేరూ ఛార్జిషీటులో ఎక్కిస్తున్నారట. వాడి పేరు కూడా ఎక్కితే వాడి బతుకు ఖతం. ఇక్కడి ఫ్యాక్టరీలు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు, ఇంకెవరూ గేటు లోపలికి రానివ్వరు. కోర్టు చుట్టూ తిరుగుతూ ముసలివాడవుతాడు. ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే, ఆ కాగితంలో వాడి పేరు ఉండకూడదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

గుడిలో పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తు లేదు. పక్కన కూర్చున్న లీలావతి, ఏంది వదినా ఫోన్ ఎత్తుతలేవు అని అడిగింది. ఛార్జింగ్ లేదన్నాను. అది అబద్ధం. రెండు రోజులుగా ఫోను బియ్యం డబ్బాలో పెడుతున్నాను. అందులో పెడితే ఏమవుతుందో నాకూ తెలియదు.

ఫిబ్రవరి 24, సోమవారం

అమ్మ ఫోన్ చేసింది, మా ఊరు మోతె నుంచి. వినయ్ సంగతి అమ్మకు చెప్పలేదు, ఫోను పోయిందని మాత్రం చెప్పాం. అందుకని జాగ్రత్తగా మాట్లాడుతున్నాను. అమ్మ గొడవ అమ్మది.

"పొలం నెర్రెలిస్తంది బిడ్డా. పిలగాని ఫోను పోయినకాన్నుంచి మోటరు వెట్టేటోడు లేడు. బాయికాడిదాంక నేను నడుస్తనా? జర నువ్వన్న ఫోన్ చేసి మోటరు పెట్టరాదు."

ఫోన్ చేసి మోటారు పెట్టు. నేను మంచం మీద కూలబడ్డాను.

ఆ సిమ్ నాదే. ఎప్పుడో కోదాడ బస్టాండు ముందు గొడుగు కింద సిమ్‌లు ఊరికే ఇస్తుంటే, నాన్న కోసం నా ఆధార్ పెట్టి తీసుకున్నాను. నాన్న పోయాక వినయ్ దాన్ని తీసి బోరు మోటారు స్టార్టరు డబ్బాలో వేశాడు. ఎక్కడున్నా ఆ నంబరుకు ఫోన్ చేస్తే మోటారు నడుస్తుంది, ఇంకోసారి చేస్తే ఆగుతుంది. వాడపల్లిలో ఉండి మోతెలో మడి పారించుకుంటున్నాడు. రోజూ తెల్లవారకముందే లేచి ఫోన్ చేసి మళ్లీ పడుకుంటాడు.

ఎవరికి చేశావంటే ఎవ్వరికీ చేయలేదన్నాడు. నిజమే కదా, మోటారుకు చేస్తే మనిషికి చేసినట్టా? మా వైపు ఏ రైతును అడిగినా అదే చెబుతాడు. నేనేమో నాది కాదన్నాను. అక్కాతమ్ముళ్లం ఇద్దరం కలిసి వాడి మెడకు ఉరి బిగించాం.

నవ్వు వచ్చింది. వెంటనే ఏడుపు వచ్చింది. రేపు సెలవు పెట్టి మిర్యాలగూడ పోతాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఏం రాయాలో తెలియడం లేదు. రేపు.

ఫిబ్రవరి 26, బుధవారం

నిన్న నేను పోయేసరికి వినయ్ సీఐ ఆఫీసు బయట నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. చెప్పగానే నెత్తి కొట్టుకున్నాడు. లోపలికి పోయి సీఐకి అంతా చెప్పాను. నమ్మలేదు. మీ ఫోను నుంచే చెయ్యండి సార్ అన్నాను. స్పీకర్ పెట్టి చేశాడు. అటు నుంచి టేపు గొంతు, 'మోటారు ఆన్ అయింది' అంది. గదిలో ఉన్న కానిస్టేబుళ్లంతా ఒకటే నవ్వు. వినయ్ ఫోను తెరిస్తే అందులో 'మోటార్' అనే పేరు ఉందట, అది ఎవడో రౌడీ ముద్దుపేరు అనుకొని ఇన్నాళ్లు వెతుకుతున్నారట. సీఐ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అయిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను.

లేచి నమస్కారం పెడుతుంటే సీఐ నా చేతుల వైపు చూశాడు.

"వేలు మంచిగనే ఉన్నది గదమ్మా. నరుక్కుంటనంటివి?"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. నేను ఆ మాట అన్నది జనవరిలో. అప్పటికి ఏ బస్సు అద్దమూ పగలలేదు, ఏ కేసూ లేదు. నా ఇంట్లో, నా తమ్ముడితో, ఫోన్లో అన్నాను. ఎవరో కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతూ విన్నాడు. నా నవ్వు కూడా విన్నాడు. నా గర్భసంచి నొప్పి గురించి, జోసెఫ్ తాగుడు గురించి నేను తమ్ముడితో చెప్పుకున్నదంతా విన్నాడు.

పేరు తీసేస్తారా సార్ అని మాత్రం అడిగాను. చూస్తాం, పై నుంచి చెప్పాలె అన్నాడు.

ఫిబ్రవరి 27

వినయ్ చెప్పి ఉంటాడా? రెండు రోజులు లోపల కూర్చోబెట్టారు కదా, బెదిరిస్తే చెప్పి ఉండొచ్చు. మీ అక్క ఏమన్నది అని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఛీ. నేనేం మనిషిని.

ఫిబ్రవరి 28, శుక్రవారం

అడిగేశాను. ఉండబట్టక రూమ్మేటు ఫోనుకు చేసి, వేలు మాట నువ్వేమన్నా వాళ్ల ముందర అన్నవా తమ్మీ అని అడిగాను. "నన్నే అడుగుతున్నవా అక్క," అన్నాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

వాళ్లు మా ఫోను విన్నందుకు నేను నా తమ్ముణ్ని అనుమానించాను. ఈ పాపం ఎవరికి తగలాలో వాళ్లకే తగలాలి. ఎమ్మెల్యే దగ్గరికి పోతాను. మైకులో చెప్పింది ఆయనే కదా. ఎవరి ఆర్డరు మీద నా ఫోను విన్నారో చెప్పమని నిలదీస్తాను. వినయ్‌కి కూడా ఆ రూమ్మేటు ఫోనుకే మెసేజ్ పెట్టాను, రేపు అడగడానికి పోతున్నానని. సరే అని పెట్టాడు.

మార్చి 1, శనివారం

సూర్యాపేట పోయి వచ్చాను. ఎమ్మెల్యే ఉండేది అక్కడే, మా ఓట్లు ఇక్కడ, ఆయన ఇల్లు అక్కడ.

హాలు ముందు ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టారు, బట్టలు నానబెట్టే టబ్బు. లోపలికి పోయేవాళ్లంతా ఫోన్లు అందులో వేసి పోవాలి. నా ముందున్న కాంట్రాక్టరు రెండు జేబుల్లోంచి తీసి వేశాడు. పీఏ హరీష్, ఏమనుకోవద్దు అక్కా, సార్‌కు ఇది పద్ధతి అన్నాడు. నేనూ వేశాను.

లోపల టీవీ పెద్దగా మోగుతోంది. ఎమ్మెల్యే నన్ను గుర్తుపట్టి అక్కా కూర్చో అన్నాడు, చాయ్ తెప్పించాడు. నేను బస్సులో అనుకున్నవన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. మా కాలనీలో ఆయన అన్న మాట ఆయనకే అప్పజెప్పాను. ఎవరు వింటున్నరన్నా మా ఫోన్లు, ఎవరి ఆర్డరు మీద అని అడిగాను. ఆయన రిమోటు తీసుకొని టీవీ ఇంకా పెద్దగా పెట్టాడు. కుర్చీ దగ్గరికి జరిపాడు.

"ముందటోళ్లు విన్నరు, మావోళ్లు వింటున్నరు, రేపొచ్చేటోళ్లు గూడ వింటరు. నా ఫోను ఎవలు వింటున్నరో నాకే తెల్వదక్కా. గా టబ్బు ఊకె పెట్టుకున్ననా?"

మరి అసెంబ్లీలో అడగవచ్చు కదా అన్నాను. అడిగితే మొదట నా మీదికే వస్తుంది అన్నాడు. అయినా చట్టం ఢిల్లీది, ఎంపీని అడుగు అన్నాడు. నేను ఇంకో మాట అనబోయాను. అప్పుడు ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, తమ్ముని సంగతి నాకు వదిలిపెట్టు, పేరు లేకుండ నేను చూసుకుంట అన్నాడు.

సంతోషం అన్నా అన్నాను. అంతే. ప్రశ్న అడగడానికి పోయిన దాన్ని సాయం తీసుకొని వచ్చాను. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఏడ్చింది సంతోషంతోనే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. తమ్ముడు బయటపడతాడు కదా.

మార్చి 3

ఎంపీ ఆఫీసుకు ఫోన్ చేశాను. పోలీసులు రాష్ట్రం కింద ఉంటారు, మీ ఎమ్మెల్యేను అడగండి అన్నారు.

మార్చి 6, గురువారం

వినయ్ కోదాడ వచ్చాడు. చేపల పులుసు చేశాను. అనుమానించినందుకు క్షమించమని అడుగుదామనుకొని, ఇంకొంచెం పులుసు వేసుకోరా అన్నాను.

ఎమ్మెల్యే మాట ఇచ్చిన సంగతి చెప్పాను. వాడి మొహం వెలుగుతుందనుకున్నాను. ప్లేటు పక్కకు జరిపాడు.

"మోటరని తేలింది గద, ఇగ ఆయన దయ ఎందుకక్క? నువ్వు నిలదీసి వస్తవని గేటుకాడ అందరికి చెప్పుకున్న. నా కోసం బతిమిలాడి వస్తవనుకోలే."

నీకేం తెలుసురా, పేరు ఎక్కితే తెలుస్తుంది అని గట్టిగా అరిచాను. జోసెఫ్ లేచి తలుపు వేశాడు. ఫోను కూడా తీసుకుపోయి పెరట్లో పెట్టి వచ్చాడు. తప్పు చేసినోళ్లే భయపడాలన్న మనిషి.

పోయేటప్పుడు వినయ్‌కి చెప్పాను. శనివారం మహిళా దినోత్సవం మీటింగు ఉంది, ఇక్కడే ఫంక్షన్ హాల్లో. ఎమ్మెల్యే వస్తున్నాడు. నన్ను రెండు మాటలు మాట్లాడమని హరీష్ వాట్సాప్ కాల్ చేసి అడిగాడు. స్టేజీ మీద, మైకులో, అందరి ముందు అడుగుతాను, నువ్వు కూడా వచ్చి చూడు అన్నాను. నిజంగనా అన్నాడు. నీ మీద ఒట్టు అన్నాను.

మార్చి 7, శుక్రవారం

వంటింట్లో నిలబడి చెప్పి చూసుకున్నాను. 'అన్నా, మా ఓటు తీసుకునేటప్పుడు మా ఫోన్లు ఎవరూ వినకుండా చేస్తామని మాటిచ్చారు. ఇప్పుడు ఎవరు వింటున్నారు? అసెంబ్లీలో ఎప్పుడు అడుగుతారు?' చిన్నదే, గుక్క తిప్పుకోకుండా అనవచ్చు. గొంతు వణకలేదు.

పిల్లలను ఉపన్యాస పోటీలకు తయారుచేసేదాన్ని, ఈమాత్రం అనలేనా?

మార్చి 8, శనివారం

అడగలేదు.

మార్చి 9, ఆదివారం

గుడికి పోలేదు.

నిన్న హాలు నిండా జనం. మా కాలనీ ఆడవాళ్లంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. వినయ్ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, నీలం చొక్కా. నాకు శాలువా కప్పారు. నా పేరు పిలిచారు. లేచి మైకు అందుకుంటుంటే ఎమ్మెల్యే నా వైపు వంగి, నవ్వుకుంటూ మెల్లగా అన్నాడు. "ఛార్జిషీట్ల తమ్ముని పేరు లేదక్కా. ఇంక కోర్టుల వెయ్యలే. సోమవారం వేస్తరు."

ఇంకా వేయలేదు. సోమవారం దాకా ఏ పేరైనా ఎక్కవచ్చు. ఆయన నన్ను ఆపే ఉద్దేశంతో చెప్పాడో, ఊరికే చెప్పాడో నాకు తెలియదు. మంచివార్త చెబుదామని చెప్పాడేమో.

మైకు నా చేతిలో ఉంది. మొదటి మాట వచ్చింది, అన్నా, మా ఓటు తీసుకునేటప్పుడు అన్నాను. అక్కడిదాకా సరిగ్గానే వచ్చింది. తర్వాత, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు అన్నాను. అది నా గొంతే. కష్టమొస్తే మన ఇంటి మనిషిలాగా నిలబడే నాయకుడు దొరకడం మన అదృష్టం అన్నాను. హాలు మోగిపోయింది. లీలావతి ఈల కూడా వేసింది.

వినయ్ వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. వాడూ చప్పట్లు కొడుతున్నాడు. అందరూ ఆపాక కూడా కాసేపు కొట్టాడు. భోజనాల దగ్గర వెతికితే లేడు.

మార్చి 10, సోమవారం

కోర్టులో వేశారు. వినయ్ పేరు లేదు. దేవునికి స్తోత్రం.

నేను చేసింది సరైనదే. ఎవరున్నా అదే చేస్తారు.

మార్చి 12

సరైనదే.

మార్చి 16, ఆదివారం

వినయ్ ఫోన్ చేశాడు. వాడి ఫోను వాడికి ఇచ్చేశారట. పేరు చూడగానే పొయ్యి ఆపేసి పరుగెత్తుకొచ్చి ఎత్తాను. మంచిగున్నావా అక్క అన్నాడు. మంచిగున్నాను, నువ్వు అన్నాను. సమ్మె ఆగిపోయిందట, డ్యూటీకి పోతున్నాడట. మడి పచ్చబడిందట, అమ్మ బాగుందట.

"అంత ఎమ్మెల్యే గారి దయనే అక్క. ఆయన లేకుంటే మన బతుకేమయితుండె," అన్నాడు.

ఎకసెక్కం ఆడుతున్నాడనుకొని నవ్వాను. వాడు నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడు ఏ నాయకుడికీ గారు తగిలించి నాతో మాట్లాడలేదు. ఒక్కొక్క మాటా ఆపి ఆపి, స్పష్టంగా, బడిలో పిల్లలు అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. వినేవాళ్ల కోసం చెబుతున్నాడని అర్థమైంది. ఆ వినేవాళ్లలో నన్ను కూడా కలిపాడా అని అడగాలనిపించింది.

ఎవరైనా వింటే విననీ అనుకొని, గొంతు మాత్రం తగ్గించి, ఇంటికి రా తమ్మీ అన్నాను. ఒకసారి వచ్చి పో, కూర్చొని మాట్లాడుకుందాం, నీతో చెప్పవలసినవి ఉన్నాయి అన్నాను.

"ఫోన్ల చెప్పరాని మాటలు మనకేమున్నయక్క?" అన్నాడు.

ఏమీ లేవు తమ్మీ అన్నాను.